పాత బండి అమ్మకం – ముందు మరమ్మతా, ముందు మాటా?

2024 మార్చి నెలలో మా ఇంట్లో ఒక చిన్న చర్చ మొదలై వారం రోజులు సాగింది. విషయం నా మారుతి 800 కారు. 2010 మోడలు, ఏపీ 02 నంబరు. రిటైరైన తర్వాత 2014లో సెకండ్ హాండులో కొన్నాను. సోమందేపల్లె నుంచి హిందూపురం, పెనుకొండ, పుట్టపర్తి తిరగడానికి పదేళ్లు నమ్మకంగా ఉపయోగపడింది. ఇప్పుడు నా కళ్లు మునుపటిలా లేవు. రాత్రిపూట హైవే మీద ఎదురుగా వచ్చే లారీల వెలుతురును తట్టుకోలేను. అమ్మేయాలని నిశ్చయమైంది. తేలని సంగతి ఒక్కటే: బాగు చేయించి అమ్మడమా, ఉన్నది ఉన్నట్లు అమ్మడమా?

బెంగళూరులో ఉన్న మా పెద్దవాడు ఫోను చేసి, "నాయనా, పెయింటు కొట్టించి సీటు కవర్లు మార్పిస్తే చాలు, పెట్టినదానికి పైన నాలుగు రూపాయలు మిగుల్తాయి" అన్నాడు. నా శ్రీమతి, "పోయే బండికి సింగారమెందుకు? అడిగినవాళ్లకు ఇచ్చేయండి" అంది. ఇద్దరిదీ న్యాయంగానే కనిపించింది.

నేను ముప్పై అయిదేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఏ ప్రశ్న వచ్చినా పాత ఫైలు తీసి, ఇంతకు ముందు ఏం చేశారో చూడకుండా నోటు పెట్టడం నాకు అలవాటు లేదు. ఈ ప్రశ్నకూ పాత ఫైలు తీసి చూశాను. అది నేననుకున్నదానికంటే చాలా వెనక్కి పోయింది. నాకు ఇష్టం లేని ఒక కాగితం కూడా అందులో దొరికింది. మన సంఘం ప్రత్యేక సంచిక చదివేవారిలో నా వంటివారు చాలామంది ఉంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

గుర్రాల నాటి సంగతి

కార్లు రాకముందు ఈ ప్రశ్న గుర్రాలకు సంబంధించినది. మన పెనుకొండ కొండ కింద తిరిగిన సైన్యాలకు గుర్రాలు అరేబియా, పర్షియా రేవుల నుంచి ఓడల మీద వచ్చేవి. 16వ శతాబ్దంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్ ఒక వింత రాశాడు. సాళువ నరసింహరాయలు గుర్రాల కోసం వర్తకులు అడిగినంత ఇచ్చేవాడట. ఓడలో దారిలోనే చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపితే దానికీ డబ్బు చెల్లించేవాడట. ఈ వృత్తాంతాన్ని రాబర్టు సూయెల్ 1900లో ప్రచురించిన విజయనగర చరిత్ర గ్రంథంలో చూడవచ్చు.

ఇందులో ఒక వ్యాపార సూత్రం ఉంది. సరుకు కొరతగా ఉన్నప్పుడు కొనేవాడు లోపం వెతకడు. తోక కూడా అమ్ముడుపోతుంది.

బ్రిటిషువారి కాలంలో 1872లో కాంట్రాక్టు చట్టం వచ్చింది. ఇప్పటికీ అమలులో ఉంది. దాని 17వ సెక్షను మోసం అంటే ఏమిటో చెబుతుంది. అక్కడ ఇచ్చిన ఉదాహరణ కూడా గుర్రమే. ఒకడు తన గుర్రంలో లోపముందని తెలిసి, వేలంలో ఏమీ చెప్పకుండా అమ్మితే అది మోసం కాదు. కానీ కొనేవాడు, "నీవు కాదనకపోతే గుర్రం మంచిదనే అనుకుంటాను" అన్నప్పుడు అమ్మేవాడు నోరు మెదపకపోతే, ఆ మౌనం మాటతో సమానం. ఇక తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చడమైతే మోసమేనని అదే సెక్షను చెబుతుంది. ఊరకుండడానికీ కప్పిపెట్టడానికీ మధ్య చట్టం గీసిన గీత ఇది. పెయింటు డబ్బా ఈ గీతకు ఏ పక్కన ఉంటుందో పాఠకులే ఆలోచించాలి.

కొరత కాలం

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో విదేశీ కంపెనీలు విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి కార్లు అమ్మేవి. ఇక్కడ తయారీకి పూనుకోని కంపెనీలు వైదొలగాలని 1953లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. జనరల్ మోటార్స్, ఫోర్డు వెళ్లిపోయాయి. చివరికి జనం వాడే కార్లు మూడే మిగిలాయి. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వారి అంబాసడర్, బొంబాయిలో ప్రీమియర్ వారి ఫియట్, మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్. 1959లో కార్ల పంపిణీ, అమ్మకాలకు కంట్రోలు ఆర్డరు వచ్చింది. 1969లో ప్రభుత్వం ధరలు నిర్ణయిస్తే కంపెనీలు సుప్రీంకోర్టుకు ఎక్కాయి. కారు ధరెంత ఉండాలన్నది న్యాయమూర్తులు తేల్చవలసిన విషయమైంది.

ఆ రోజుల్లో కొత్త కారుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. అందువల్ల నడుస్తున్న పాత కారుకు కొత్త కారు ధర పలికిన సందర్భాలు ఉండేవి. అంబాసడర్ రూపం 1957 నుంచి పెద్దగా మారలేదు. ఏ సంవత్సరపు బండి భాగమైనా ఇంచుమించు మరో సంవత్సరపు బండికి పనికొచ్చేది. చెట్టు కింద మెకానిక్కు కూడా ఇంజను దింపి ఎక్కించగలిగేవాడు. కాబట్టి ఆనాడు మరమ్మతుకు పెట్టిన ప్రతి రూపాయీ తిరిగి వచ్చేది. అమ్మే ముందు బాగు చేయించాలా అని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే, నిస్సందేహంగా చేయించమనేవాళ్లు.

మా వాడి వాదం వెనక ఉన్నది ఆ కాలపు లెక్కే. వాడు పుట్టకముందే ఆ కాలం ముగిసింది.

ఆఫీసు జీపు ఫైలు

నేను సర్వీసులో ఉండగా, 1980లలో, మా ఆఫీసు జీపు ఒకటి పూర్తిగా పాతబడింది. దాన్ని కండెమ్ చేసే ఫైలు నా సీటుకు వచ్చింది. కొత్తగా వచ్చిన అధికారి ఒకరు, ఇంజను బాగు చేయించి వేలం వేస్తే ప్రభుత్వానికి ఎక్కువ డబ్బు వస్తుంది కదా అన్నారు. మాటకు మంచిగానే ఉంది. మా సూపరింటెండెంటు గారు నన్ను పిలిచి మెల్లగా చెప్పారు: "చూడప్పా, మరమ్మతు ఖర్చు మన పద్దులో కచ్చితంగా పడుతుంది. వేలంలో అది తిరిగొస్తుందని ఎవరు హామీ ఇస్తారు? రేపు ఆడిట్ వాళ్లు అడిగితే సమాధానం నీవు రాస్తావా?"

నేను ఆ సమాధానం రాయదలచుకోలేదు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు సర్టిఫికెట్టు తీసుకుని, కనీస ధర కట్టి, "ఉన్నది ఉన్నట్లుగా, ఉన్నచోటనే" అని వేలం ప్రకటన వేశాం. పాటకు వచ్చినవాళ్లు బానెట్ ఎత్తి, కింద దూరి, అన్నీ చూసుకుని పాడారు. లోపం బహిరంగంగా ఉంది కాబట్టి ఎవరికీ ఫిర్యాదు లేదు. కప్పిపెట్టలేదు కాబట్టి మాకూ భయం లేదు.

ఇప్పుడు ప్రభుత్వ వాహనాలకు ఈ ఆలోచన అవసరమే లేకుండా పోయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి, 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను రెన్యువలు చేయరు. అవి తుక్కు కేంద్రాలకే పోవాలి.

నాకు ఇష్టం లేని కాగితం

ఆఫీసు జీపు విషయంలో ఇంత జాగ్రత్తగా ఉన్న నేను, నా సొంత స్కూటరు విషయంలో అట్లా లేను. 1994లో దాన్ని అమ్మాను. వెనక బ్రేకు సరిగా పట్టదని నాకు తెలుసు. బాగు చేయిస్తే ఆ రోజుల్లో కొద్ది రూపాయల పని. అమ్మేసేదానికి ఎందుకులే అనుకున్నాను. కొనేవాడు అడగలేదు, నేను చెప్పలేదు. ట్రాన్స్‌ఫరు ఫారాల మీద ఖాళీగానే సంతకాలు పెట్టి ఇచ్చాను. అందరూ అట్లాగే చేసేవారు.

1996లో కోర్టు నోటీసు వచ్చింది. నా స్కూటరు రోడ్డు పక్కన వేరుశనగ మూట దించుతున్న ఒక కూలీని గుద్దింది. అతని కాలు విరిగింది. స్కూటరు అప్పటికి చేతులు మారింది. ఇన్సూరెన్సు గడువు తీరిపోయింది. నా దగ్గర కొన్నవాడి జాడ తెలియలేదు. రికార్డులో యజమాని పేరు మాత్రం నాదే. నాలుగేళ్లు సెలవులు పెట్టి వాయిదాలకు తిరిగాను. చివరికి జీపీఎఫ్ నుంచి 28,000 రూపాయలు తీసి కట్టాను.

డబ్బు సంగతి మరిచిపోయాను. కోర్టు వరండాలో ఆ కూలీ కర్ర ఆనించుకుని కూర్చుని ఉండగా అతని భార్య నన్ను అడిగిన మాట మాత్రం మరిచిపోలేదు: "సామీ, ఆ బండికి బ్రేకు లేదంట కదా, మీకు తెలుసునా?" నేను తెలియదన్నాను. కోర్టులో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఆమె ఒక్కతే అడిగింది. ఆమెతో అబద్ధం చెప్పాను. ఈ మాట ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పలేదు.

చట్టం మాత్రం అప్పుడూ ఇప్పుడూ స్పష్టంగానే ఉంది. 1989 జూలై 1న అమలులోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో తెలియజేయాలి. కొన్నవాడు 30 రోజుల్లో తన పేరుకు మార్చుకోవాలి. అమ్మినవాడిది 29వ నంబరు ఫారం, కొన్నవాడు పెట్టేది 30వ నంబరు ఫారం. బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్టరులో పేరున్నవాడే యజమాని, నష్టపరిహారం బాధ్యత అతనిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరోసారి తేల్చి చెప్పింది.

కొరత పోయి మిగులు వచ్చింది

1983 డిసెంబరు 14న మారుతి 800 మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ గారు అందజేశారు. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు అవసరం తొలగించారు. 1998లో మద్రాసు పక్క నుంచి శాంత్రో, పూణే నుంచి ఇండికా వచ్చాయి. కారు అప్పుపై దొరికే సరుకైంది. కొత్త మోడలు వచ్చిన ప్రతిసారీ పాత మోడలు ధర దిగిపోవడం మొదలైంది. మారుతి 800 తయారీ 2014 జనవరిలో, అంబాసడర్ తయారీ అదే ఏడాది మే నెలలో ఆగిపోయాయి.

మా ప్రాంతానికి ఈ మార్పు ఇంటి ముందుకే వచ్చింది. వానలు తక్కువై, వేరుశనగ ఎండిపోయి, జనం బెంగళూరుకు వలసపోయే మా పక్క మండలంలో, పెనుకొండ దగ్గర ఎర్రమంచి వద్ద కియా కార్ల ఫ్యాక్టరీ వెలిసింది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టు 8న మొదటి సెల్టాస్ కారు బయటికి వచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. మనం ఏడవ నంబరు జాతీయ రహదారి అని పిలిచిన 44వ నంబరు రహదారి మీద కొత్త కార్లు మోసే పొడవాటి లారీలు ఇప్పుడు వరుసగా పోతుంటాయి. వాటి పక్కన నా మారుతి, పెళ్లి ఊరేగింపులో ముసలి ఎద్దులాగా ఉండేది.

పాత బండికి పైనుంచి వచ్చిన భారాలు వేరే. 15 ఏళ్లు నిండిన సొంత కారు రిజిస్ట్రేషను రెన్యువలు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 అయింది. హరిత పన్ను అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తది చవకైతే పాతది ఇంకా చవకవుతుందని వేరే చెప్పనవసరం లేదు.

నిమ్మకాయ లెక్క

మా మెకానిక్కు కారు చూసి ఎస్టిమేటు ఇచ్చాడు. బ్రేకులు, ముందు టైర్లు రెండూ 9,000. క్లచ్చి 5,000. ఇంజను పొగ పోవాలంటే 22,000. టింకరింగు, పెయింటింగు 18,000. మొత్తం 54,000. ఉన్నది ఉన్నట్లు అమ్మితే 60,000 వస్తుందనీ, అన్నీ చేయిస్తే 84,000 దాకా పలుకుతుందనీ అన్నాడు. అంటే 54,000 పెట్టి 24,000 సంపాదించడం. 30,000 నష్టం.

"పెయింటు ఒక్కటీ కొట్టిస్తే మాత్రం పెట్టింది వచ్చి రెండు మూడు వేలు మిగుల్తాయి సార్. ఇంజను చేయిస్తే రాదు" అన్నాడు.

"అదేమప్పా, బండికి ముఖ్యం ఇంజను కదా?"

"కొనేటోనికి కండ్లకు కనపడేది పెయింటే కదా సార్."

అతను చెప్పిన ఈ మాటనే 1970లో జార్జి అకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికశాస్త్రవేత్త ఒక వ్యాసంగా రాశాడు. 2001లో మరో ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికాలో లోపాలున్న కారును నిమ్మకాయ అంటారు. మనమేమో కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. వాళ్లు బండినే నిమ్మకాయ అంటారు! పాత కారు లోపల ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు అన్ని బండ్లనూ అనుమానించి ధర తగ్గించి అడుగుతాడు. ఆ ధరకు మంచి బండి యజమాని అమ్మడు. చివరికి సంతలో నిమ్మకాయలే మిగులుతాయి. కనపడని మంచికి ధర రాదు, కనపడే మెరుపుకు వస్తుంది. ఆయన చెప్పినదాన్ని నేను అర్థం చేసుకున్న సారాంశం ఇది.

ఈలోగా ఒక బ్రోకరు వచ్చాడు. "60,000 ఇస్తాను సార్. ఏ రిపేరీ వద్దు. ఫారాల మీద సంతకం పెట్టి ఇయ్యండి చాలు, పేర్లు మేము రాసుకుంటాము" అన్నాడు. మా వాడు ఫోనులో, "ఇంకేం నాయనా, ఇచ్చేయండి" అన్నాడు. చేతిలో నోట్ల కట్ట కనిపిస్తోంది. ఖాళీ ఫారాలు చూడగానే నాకు కోర్టు వరండా గుర్తొచ్చింది. వద్దన్నాను.

నోటు ఇట్లా పెట్టాను

నా నిర్ణయాన్ని ఆఫీసు నోటులాగా మూడు పేరాలుగా రాసుకున్నాను. ప్రాణానికి సంబంధించిన లోపం అమ్మేవాడే బాగు చేయించాలి. డబ్బుకు సంబంధించిన లోపం బాగు చేయించనవసరం లేదు, చెప్పి ధర తగ్గించాలి. కంటికి సంబంధించిన లోపం ముట్టుకోరాదు.

దాని ప్రకారం 9,000 పెట్టి బ్రేకులు, టైర్లు వేయించాను. మిగిలిన లోపాలన్నీ ఒక తెల్లకాగితం మీద రాశాను. క్లచ్చి జారుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు పొగ వస్తుంది, ఎడమ తలుపు కింద తుప్పు ఉంది, 2025 జూన్‌లో రిజిస్ట్రేషను గడువు ముగుస్తుంది, రెన్యువలు ఖర్చు కొనేవారిదే.

ఫ్యాక్టరీల దగ్గర ఒక క్యాంటీనులో పనిచేసే యువకుడు భార్యతో, ఇద్దరు పిల్లలతో వచ్చాడు. రోజూ వందల కొత్త కార్లను చూసే మనిషి, ఈ పాత మారుతిని చుట్టూ తిరిగి ముచ్చటగా చూశాడు. నేను కాగితం ఇచ్చాను. చదివి అతని మొహం మారింది.

"ఇన్ని లోపాలు మీరే చెప్తాండారు. చెప్పనివి ఇంకెన్ని ఉండాయో సార్?"

నాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. నిజం చెప్పినా అనుమానించే స్థితికి పాత బండ్ల వ్యాపారం వచ్చింది. "నీకు నమ్మకమున్న మెకానిక్కును తెచ్చుకో నాయనా. బండి ఒకరోజు నీ దగ్గరే పెట్టుకుని చూపించుకో" అన్నాను. మరునాడు హిందూపురం నుంచి ఒకతన్ని తెచ్చాడు. అతను గంటసేపు చూసి, కాగితంలో ఉన్నవి తప్ప ఇంకేమీ లేవన్నాడు. 58,000కు బేరం కుదిరింది. కాగితం రెండు కాపీలు తీసి ఇద్దరం సంతకాలు చేశాం. కొన్నవాడి పేరు, తేదీ పూర్తిగా రాసిన తర్వాతే ఫారాల మీద సంతకం పెట్టాను. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో పేరు మార్చుకోమని చెప్పాను. ఆర్‌సీ అతని పేరుకు మారిందాకా ఫోను చేసి విసిగించాను.

లెక్క ప్రకారం నాకు చేతికి మిగిలింది 49,000. బ్రోకరుకు ఇచ్చి ఉంటే 60,000. తేడా 11,000 రూపాయలు. మా వాడు ఇప్పటికీ అది నష్టమనే అంటాడు. వాడికి ఆ స్కూటరు సంగతి తెలియదు. ఈ సంచిక చదివితే తెలుస్తుంది.

పెన్షనర్ మిత్రులలో చాలామంది ఇళ్ల ముందు ఒక పాత కారో స్కూటరో ఎండకు ఎండుతూ ఉంటుంది. పిల్లలు అమ్మేయమంటూ ఉంటారు. ఇంజను చేయించకండి, ఆ డబ్బు రాదు. రంగు వేయించకండి. బ్రేకులు మాత్రం చూపించండి. ఖాళీ ఫారం మీద సంతకం చేయకండి. తెలిసిన లోపం నోటితో చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వండి.

మొన్న సంతలో ఆ యువకుడు కనిపించాడు. కారులో పిల్లలు వెనక సీట్లో ఉన్నారు. నన్ను చూసి బండి ఆపాడు. బండి ఆపిన చోట ఆగింది.